కిటికీలు మూసిన ఇంట్లో చలికాలం

డిసెంబరులో అమ్మ అనంతపురం నుంచి బెంగళూరు వస్తే, సాయంత్రం ఆరు కాకముందే మారతహళ్ళిలోని మా ఇంటి కిటికీలన్నీ మూసేస్తుంది. "మంచుగాలి తగిలితే పడిశం పడుతుందే" అంటుంది.

పడిశం తెచ్చేది వైరస్. తలుపులు బిగించుకుని నలుగురూ ఒకే గదిలో కూర్చుంటే ఒకరు వదిలిన గాలినే మిగతావాళ్ళు పీలుస్తారు, వైరస్‌కు కావాల్సింది అదే. అయితే అమ్మ మాటలోనూ కొంత నిజముంది. చల్లటి పొడిగాలికి ముక్కు లోపలి తడిపొర ఆరిపోతే, లోపలికి వచ్చిన క్రిములను బయటికి నెట్టే పని మందగిస్తుంది.

సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్ళో జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలుంటే మధ్యాహ్నానికి 27 అవుతుంది. 15 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి పట్టగలిగే నీటి ఆవిరి 13 గ్రాములకు మించదు. అదే గాలి 27 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 26 గ్రాములు పట్టగలదు. ఆవిరి అంతే ఉండి చోటు రెట్టింపైతే, ఆ గాలి మన పెదవుల నుంచి, మడమల నుంచి తడిని లాక్కుంటుంది. అందుకే పొద్దున మంచు కురిసిన రోజే మధ్యాహ్నం చర్మం తెల్లగా పొడిబారుతుంది. పొగలు కక్కే నీళ్ళతో స్నానం చేస్తే ఉన్న కాస్త జిడ్డూ పోతుంది. గోరువెచ్చని నీళ్ళు చాలు. ఒళ్ళు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాసుకోండి. నూనె తడినివ్వదు, ఉన్న తడిని పోనివ్వదు.

బీపీ ఉన్న పెద్దవాళ్ళు వాకింగ్‌కు ఎండ వచ్చాకే వెళ్ళడం మేలు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది.

నన్ను నిజంగా భయపెట్టేది మాత్రం బాత్‌రూములోని గ్యాస్ గీజరు. రెండేళ్ళ కింద మా పై అంతస్తులో ఉండే చీరాల అబ్బాయి స్నానం చేస్తూ పడిపోయాడు. చలని వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టుకున్నాడట. తలుపు పగలగొట్టి బయటికి తెచ్చారు కాబట్టి బతికాడు. గాలి చాలని చోట గ్యాస్ సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, ఆ తర్వాత లేచి గొళ్ళెం తీసే ఓపిక కూడా ఉండదు. బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులేసుకున్నా ఇదే ప్రమాదం.

గీజరు బాత్‌రూము బయట, బాల్కనీలో ఉండాలి. లోపలికి నీళ్ళ పైపు మాత్రమే రావాలి. అద్దె ఇల్లైతే ఇంటి ఓనరుతో గట్టిగా మాట్లాడండి. అది కుదిరేదాకా తలుపు తెరిచి బకెట్ నింపుకుని, గీజరు ఆపి, కాసేపు గాలి ఆడనిచ్చాకే స్నానానికి వెళ్ళండి. ఎవరైనా పడిపోతే ముందు బయటి గాలిలోకి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సీమీటరు 98 చూపినా నమ్మకండి, అది ఈ విషాన్ని కూడా ఆక్సిజనే అనుకుంటుంది. మనిషి తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. మామూలు గాలి పీలిస్తే రక్తంలో ఆ విషం సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది, ఆసుపత్రిలో ఆక్సిజన్ పెడితే గంటా గంటన్నర చాలు.