పసిబిడ్డల ఐసీయూ బయట తల్లిని ఎవరు కూర్చోబెట్టారు?

2015 ఆగస్టులో గుంటూరు జీజీహెచ్‌లో ఎలుకలు కొరికి పది రోజుల పసికందు చనిపోతే రాష్ట్రం అట్టుడికిపోయింది. విచారణ వేశారు, ఎలుకల వేట సాగించారు. జరగాల్సిన గొడవే. అయితే ఎలుక కంటికి కనిపిస్తుంది. దేశంలో పసిబిడ్డల వార్డుల్లో అంతకన్నా ఎన్నో రెట్లు ప్రాణాలు తీస్తున్న క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ అనే బాక్టీరియాలు కనిపించవు. వాటి మీద ఎవరూ ధర్నా చెయ్యరు.

ఇవి బిడ్డ దాకా ఎలా వస్తాయి? బయటివాళ్లే మోసుకొస్తారని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. విజయవాడలో గానీ గుంటూరులో గానీ చాలా పిల్లల ఆసుపత్రుల్లో ఆ నమ్మకం ఇవాళ్టికీ ఎదురవుతుంది. గాజు తలుపు, దాని ముందు చెప్పుల గుట్ట, కుట్లు ఆరకుండానే బెంచీ మీద కూర్చున్న బాలింత. లోపల్నుంచి పిలుపొస్తే పాలు పిండి ఇచ్చి మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

లోపలి చేతులే అసలు దారి అని 1847లోనే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ చూపించాడు. శవాలు కోసిన చేతులతోనే పురుళ్లు పోస్తున్న డాక్టర్లని క్లోరిన్ నీళ్లతో కడుక్కోమన్నాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాకా ఉన్న బాలింతల మరణాలు కొన్ని నెలల్లోనే 2 శాతానికి దిగాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. తమ చేతులే మురికివంటే ఎవరికి నచ్చుతుంది?

1880ల్లో పారిస్‌లో టార్నియే అనే కాన్పుల డాక్టర్, బిడ్డని వెచ్చగా ఉంచే పెట్టె ఇంక్యుబేటర్‌ని వాడకంలోకి తెచ్చాక నెలలు నిండని బిడ్డలకి వేరే గదులు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ గదులకి తాళాలూ పడ్డాయి. 1950ల్లో స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా దేశదేశాల పసిబిడ్డల వార్డుల్ని కుదిపేసింది. 1960ల్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు, ఆ సూక్ష్మజీవి ఉన్న బిడ్డని ముట్టుకున్న నర్సులు చేతులు కడుక్కుంటే ఏమవుతుందో, కడుక్కోకుండా పక్క బిడ్డని ముట్టుకుంటే ఏమవుతుందో పోల్చి చూశారు. ఇప్పుడైతే అలాంటి ప్రయోగానికి అనుమతే రాదు. గాలికన్నా చేతులే ఎక్కువ మోస్తున్నాయని తేలింది. ఆసుపత్రులేమో హెక్సాక్లోరోఫిన్ అనే క్రిమినాశక మందుతో పిల్లలకి స్నానాలు చేయించే దగ్గరి దారి పట్టాయి. అది చర్మంలోంచి ఇంకి మెదడుని దెబ్బతీస్తుందని తర్వాత తెలిసింది. 1972లో ఫ్రాన్స్‌లో ఆ మందు మోతాదు మించి కలిసిన టాల్కం పౌడర్ వల్ల 36 మంది పిల్లలు పోయారు.

ఆ రోజుల్లోనే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో బార్నెట్, క్లాస్ అనే డాక్టర్ల బృందం తల్లుల్ని లోపలికి రానిచ్చి చూసింది. ఇన్ఫెక్షన్లు పెరగలేదు. ఆ ఫలితం 1970లో అచ్చయింది. ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గుర్ని పెట్టి, ఇన్ఫెక్షన్లతో సతమతమవుతున్న కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో డాక్టర్ ఎడ్గార్ రే ఇంకో అడుగు ముందుకేశాడు. బిడ్డని తల్లి గుండెలకే కట్టించాడు. కంగారూ సంరక్షణ అలా పుట్టింది.

మన దేశంలో 2003లో పశ్చిమ బెంగాల్ పురూలియాలో మొదలైన ఎస్‌ఎన్‌సీయూ (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డు) నమూనా జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక జిల్లా జిల్లాకీ పాకింది. బిడ్డని వెచ్చగా ఉంచే వార్మర్లు వచ్చినంత వేగంగా నర్సులు రాలేదు. ఢిల్లీలో మూడు పెద్దాసుపత్రుల్లో 13,530 మంది పసిబిడ్డల మీద చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. 14.3 శాతం మందికి సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్, సోకింది. అందులో మూడింట రెండొంతులు పుట్టిన 72 గంటల్లోపే. అంటే ఇన్ఫెక్షన్ ఎక్కడ సోకుతోందో లెక్క కాన్పుల గది నుంచే తియ్యాలి.

వార్డులో చిన్న చిన్న పనులే కొంప ముంచుతాయి. కిలో బిడ్డకి తొలిరోజు పట్టే ద్రవం 60–80 మిల్లీలీటర్లు, సెలైన్ బాటిల్ చూస్తే 500. మిగిలింది పారబొయ్యడానికి మనసొప్పక దాన్నే నలుగురు బిడ్డలకి వాడితే, ఒక్క సూది మురికి నలుగురి నెత్తురులోకి వెళుతుంది. పాలు పట్టే ఉగ్గుగిన్నెదీ అదే గొడవ. గిన్నె ముక్కులో పాలజిడ్డు మిగిలిపోతే మరిగించినా లాభం తక్కువ. తల్లి మణికట్టుకి దుర్గమ్మ గుడిలో కట్టించుకున్న తాడు ఉంటుంది. తడిస్తే గంటల తరబడి ఆరదు. విప్పమంటే ఆమె ప్రాణం ఒప్పదు. తెలివైన సిస్టర్ వాదన పెట్టుకోదు, “కొంగుకి ముడేసుకో అమ్మా, అమ్మవారు నీ దగ్గరే ఉంటుంది” అంటుంది. మరి అదే సిస్టర్ వేళ్లకీ, డ్యూటీ డాక్టర్ వేళ్లకీ ఉన్న ఉంగరాలు తియ్యమని ఎవరు చెప్పాలి? తల్లి ముట్టుకునేది ఒక్క బిడ్డని, వాళ్లు పూటకి పాతికమందిని.

2021లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల ఫలితాలు వచ్చాయి. పుట్టిన వెంటనే తల్లి గుండెల మీదికి చేర్చి, తల్లినీ ఐసీయూలోనే ఉంచితే, తక్కువ బరువు బిడ్డల మరణాలు 25 శాతం తగ్గాయి, సెప్సిస్ కూడా తగ్గింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే సిఫారసు చేసింది.

మన దగ్గర అడ్డం గాజు తలుపు ఒక్కటే కాదు. సిజేరియన్ అయిన తల్లి గైనిక్ వాళ్ల పేషెంటు, బిడ్డ పిల్లల విభాగం పేషెంటు. కేస్ షీట్లు రెండు, రౌండ్లు రెండు. వార్మర్ పక్కన తల్లికి మంచం వేస్తే ఆమె కుట్లు ఎవరు చూడాలి, బీపీ ఎవరు రాయాలి, బాత్‌రూమ్ ఎక్కడ, భోజనం ఎక్కడికి పంపాలి అన్నది ఈ రెండు విభాగాలూ కూర్చుని తేల్చుకోవాలి.