కాగితం మీద కన్సల్టెంట్, కుర్చీలో ఉద్యోగి: కొన్ని అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కార్మిక చట్టాల సలహాదారుగా పనిచేస్తున్నాను. ఈ మధ్య ఒక డిజైనర్ నా దగ్గరకు వచ్చారు. మెడలో కంపెనీ ఐడీ కార్డు, చేతిలో ‘కన్సల్టెన్సీ ఒప్పందం’. రెండేళ్లుగా రోజూ తొమ్మిదిన్నరకు హాజరు వేయించుకుని, కంపెనీ ల్యాప్‌టాప్ మీదే పనిచేయించుకుని, ఒక్క ఈమెయిల్‌తో ఆపేశారు. “సంతకం నాదే కదా సార్, ఇక అడగడానికి ఏముంది?” అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అపోహ: ఒప్పందంలో కన్సల్టెంట్ అని రాసి, వృత్తి రుసుము కింద 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) మినహాయిస్తే ఉద్యోగి కానట్టే.

వాస్తవం: కోర్టు పేరు చూడదు, పని జరిగే తీరు చూస్తుంది. మన తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం మీద నడిచిన సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు 1973లోనే ఈ సంగతి తేల్చింది. అక్కడి దర్జీలకు నెల జీతం లేదు, కుట్టిన బట్టకు ఇంత అని కూలీ. ఒక రోజు రాకపోతే సెలవు చీటీ ఇవ్వాల్సిన పని కూడా లేదు. అయినా మిషన్లు దుకాణానివి. ఎలా కుట్టాలో చెప్పేది, బాగాలేకపోతే మళ్లీ కుట్టించేది యజమాని. కాబట్టి వాళ్లు ఉద్యోగులే అంది కోర్టు. మిషన్ స్థానంలో ల్యాప్‌టాప్ పెట్టి చూడండి.

డిజైనర్ తప్పక గెలుస్తారని నేను మాట ఇవ్వలేదు. ఉద్యోగి అని రుజువైతే మాత్రం నెల నోటీసు, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం పరిహారంగా అడగవచ్చు. హాజరు వివరాలు, సెలవు కోరిన మెయిళ్లు, ఐడీ కార్డు ఫోటో దాచుకోమన్నాను. ఆమె వెంటనే కార్డు తీసి బల్ల మీద పెట్టి ఫోటో తీసుకున్నారు.

అపోహ: ఉద్యోగిని తీసేయడం చట్టం కష్టం చేసింది కాబట్టే ఐటీ కంపెనీలు కాంట్రాక్టు మనుషులను పెట్టుకుంటున్నాయి.

వాస్తవం: తొలగింపుకు ప్రభుత్వ అనుమతి కావాలనే నియమం ఫ్యాక్టరీలు, గనులు, తోటలకే. కంప్యూటర్ల మీద పని జరిగినంత మాత్రాన ఆఫీసు ఫ్యాక్టరీ కాదు. ఆ ఫ్యాక్టరీలకైనా కనీసం 100 మంది కార్మికులుంటేనే అనుమతి కావాలి అన్న పరిమితి, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌తో 300కు పెరిగింది.

జీడిమెట్ల, పటాన్‌చెరు ఫ్యాక్టరీల వైపు మాత్రం ఆ మాటలో నిజం ఉంది. లెక్క పరిమితి దాటకూడదని మనుషులను కాంట్రాక్టరు పేరు మీద పెట్టుకున్న యూనిట్లను చూశాను. దానితో బాధ్యత పోదు: కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారికీ పీఎఫ్ వర్తిస్తుంది, అతను కూలీ ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలి. ఆఫీసుల్లో కాంట్రాక్టుకు కారణం వేరని నా అనుభవం: పీఎఫ్, గ్రాట్యుటీ ఖర్చు మిగులుతుంది, వద్దనుకున్న రోజే ఆపేయవచ్చు.

అపోహ: నిజంగా సొంతంగా పనిచేసుకునేవారికి ఏ చట్టమూ అండ కాదు.

వాస్తవం: ఉంది, వాడుకునేవారే తక్కువ. సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదైతే సేవలు అందించేవారికీ 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం వర్తిస్తుంది. బిల్లు 45 రోజులకు మించి ఆపడానికి లేదు. ఆపితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఇలాంటి సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉచితం. పని ఒప్పుకోకముందే చేయించుకోండి, బిల్లు ఆగాక పరుగెత్తితే చిక్కులు వస్తాయి.