రవ్వగింజంత ఆకాశంలో ఎన్ని గెలాక్సీలో

డిసెంబర్లో ఒక ఆదివారం పొద్దున మారతహళ్ళిలో మా ఫ్లాట్లో అమ్మ కింద పేపర్ పరుచుకుని పితికిపప్పు కోసం అనపకాయలు ఒలుస్తా ఉంది, నేను పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తీసిన మొదటి డీప్ ఫీల్డ్ ఫోటోని, అంటే ఆకాశంలో ఒక చిన్న చోటునే గంటల తరబడి చూసి తీసిన ఫోటోని, జూమ్ చేసుకుంటా కూర్చున్నా. 2022 జులైలో రిలీజ్ చేశారు దీన్ని. అప్పట్నుంచి ఎన్నిసార్లు చూసుంటానో లెక్కలేదు, పెద్ద సైజు ఫైల్ దించుకుని ఒక మూల నుంచి ఇంకో మూలకి మెల్లగా జరుపుకుంటా పోతే గంట ఎట్ల గడిచిపోతుందో తెలీదు. అమ్మ తలెత్తి చూసి "ఏంరా అది, నల్లకోక మీద ముగ్గుపిండి చల్లిన మాదిరి ఉంది" అనింది. మళ్ళీ తనే, "అన్నీ చుక్కలేనా?" అని అడిగింది.

కాదు, చుక్కలు చాలా తక్కువ అందులో. ఆ ఫోటో చూసినప్పుడు ఫస్ట్ నేర్చుకోవాల్సింది ఇదే, చుట్టూ ముళ్ళు మాదిరి గీతలు పొడుచుకుని వచ్చినవి ఏవైతే ఉన్నాయో అవి మన పాలపుంతలోని నక్షత్రాలు, అంటే మనింటి వాకిట్లోవి, దూరంగా ఉన్న వాటిని చూస్తుంటే మధ్యలో అడ్డం వచ్చినవి. వెబ్ అద్దం ఒకే ముక్క కాదు, 18 ఆరుమూలల పలకలు తేనెపట్టు లాగా పేర్చి 6.5 మీటర్ల అద్దంగా చేశారు, ఆ అంచుల దగ్గరా ముందున్న కడ్డీల దగ్గరా వెలుగు చెదిరి ఒక్కో నక్షత్రానికి ఆరు పెద్ద ముళ్ళు, రెండు చిన్న ముళ్ళు వస్తాయి. వెబ్ కంటే ముందు పైకి పోయిన హబుల్ టెలిస్కోప్ ఫోటోల్లో అయితే నాలుగే. ముళ్ళు లేకుండా మసకగా, కోలగా, సుడిగా, ఆవగింజంత ఎర్రగా కనిపించేవి దాదాపు అన్నీ గెలాక్సీలే. అమ్మకి ముళ్ళున్న వాటిని వేలితో చూపించి "ఇవి తీసేయ్, మిగతావన్నీ ఒక్కోటి ఒక్కో పాలపుంత, ఒక్కోదాంట్లో కోట్లకి కోట్ల సూర్యుళ్ళు" అన్నా. అనపకాయ చేతిలో అట్లే ఉండిపోయింది, ఒలవడం ఆపేసింది.

ఈ ఫోటోలో పట్టిన ఆకాశం ఎంతో తెలుసా? వంటింట్లోంచి ఒక ఉప్మా రవ్వ గింజ తెచ్చి చూపుడువేలి కొస మీద పెట్టుకుని చెయ్యి పూర్తిగా చాపితే ఆ గింజ వెనకాల ఎంత ఆకాశం దాక్కుంటుందో అంత, అంతే. అందులో వేల గెలాక్సీలు. నేను నిజంగానే డబ్బాలోంచి ఒక గింజ తీసి బాల్కనీలోకి పోయి చెయ్యి చాపి చూశా, అమ్మ కూడా చూసింది. చెయ్యి ఏ పక్కకి తిప్పినా, ఏ గింజ వెనకాలైనా, కథ ఇంచుమించు ఇదే.

ఇది ముందే తెలిసిన సంగతి కూడా కాదు. 1995 డిసెంబర్లో హబుల్ టెలిస్కోప్ పనులు చూసే సంస్థకి డైరెక్టర్‌గా ఉన్న రాబర్ట్ విలియమ్స్, తన చేతిలో ఉన్న అబ్జర్వేషన్ టైంని సప్తర్షి మండలంలో ఏమీ లేదనిపించే ఒక చిన్న చోటు మీద ఖర్చుపెట్టాడు. వరసగా పది రోజులు, 342 ఎక్స్‌పోజర్లు. పెద్దగా ఏం కనపడదని ముందే చెప్పిన శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు, పైగా 1990లో పైకి పంపిన హబుల్ అద్దంలో లోపం ఉందని తెలిసి, 1993లో వ్యోమగాములు పోయి రిపేర్ చేసొచ్చి అప్పటికి రెండేళ్ళే అయింది, మళ్ళీ పరువు పోతే ఎట్ల అనే భయం ఉండే ఉంటుంది. ఆ ఖాళీ చోట్లో దాదాపు 3000 గెలాక్సీలు కనపడ్డాయి. ఏమీ లేదనుకున్న చోట పది రోజులు కన్నార్పకుండా చూడటం అనే ఆ నిర్ణయం ఉంది చూశారా, నాకు ఆ ఫోటో కంటే అదే గొప్పగా అనిపిస్తుంది.

ఎందుకంటే ఈ ఫోటోలు మన ఫోన్లో లాగా క్లిక్ అనగానే వచ్చేవి కావు. 2003-04లో హబుల్‌తోనే ఇంకా లోతుగా అల్ట్రా డీప్ ఫీల్డ్ తీశారు, మొత్తం దాదాపు పది లక్షల సెకన్ల ఎక్స్‌పోజర్, దాంట్లో అన్నిటికంటే మసకగా ఉన్న వాటి నుంచి వచ్చిన వెలుగు ఎంతంటే నిమిషానికి ఒక్క ఫోటాన్, అంటే ఒక్క వెలుగు కణం. ఒక్కటి! బెంగళూరులో ఎండాకాలం నీళ్ళు రాని రోజుల్లో కుళాయి కింద బిందె పెట్టి రాత్రంతా చుక్క చుక్క పట్టుకున్న వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, చుక్క పడే చప్పుడు వింటా పడుకుంటాం, తెల్లారేసరికి ఎంతో కొంత నిండి ఉంటుంది. టెలిస్కోప్ కూడా అట్లే ఫోటాన్లని పట్టుకుంటుంది. వెబ్ అద్దం పెద్దది కాబట్టి మా అమ్మ చూసిన ఫోటోకి పన్నెండున్నర గంటలు సరిపోయాయి.

ఆ ఫోటో మధ్యలో తెల్లగా మెరిసే గెలాక్సీల గుంపు ఒకటి ఉంది, పేరు స్మాక్స్ 0723. దాని వెలుగు అక్కడ బయల్దేరి 400 కోట్ల ఏళ్ళు దాటింది, అంటే అప్పటికి మన భూమి పుట్టి ఎంతో కాలం కాలేదు. ఆ గుంపు చుట్టూ సన్నగా వంగిన గీతలు కనిపిస్తాయి, గాజులు విరిగి ముక్కలు పడినట్టు. అవి ఇంకా చాలా వెనకాల ఉన్న గెలాక్సీలు. ముందున్న గుంపు బరువుకి అక్కడి స్పేసే వంగిపోయి, వెనక నుంచి వచ్చే వెలుగు కూడా వంగి, భూతద్దంలో చూసినట్టు పెద్దదై సాగిపోయి మనకి చేరుతుంది. ఐన్‌స్టీన్ 1915లో కాయితం మీద రాసిన లెక్క ఇది. ఒకే గెలాక్సీ రెండు మూడు చోట్ల కనపడటం కూడా ఉంది, ఆ జంటల్ని వెతకడం నాకు భలే ఇష్టం.

అమ్మ ఇంకో ప్రశ్న వేసింది. "రంగులు నిజమేనా, వీళ్ళు పూసినవా?" చాలామంది అడిగేదే, అడగాల్సిందే కూడా. టెలిస్కోప్ నుంచి వచ్చేది బ్లాక్ అండ్ వైట్. ఒక్కో ఫిల్టర్ పెట్టి ఒక్కో ఫోటో తీసి తర్వాత రంగులు ఇస్తారు. కానీ ఇష్టం వచ్చినట్టు కాదు, పొడవాటి తరంగాలకి ఎరుపు, పొట్టివాటికి నీలం, మధ్యలో ఉన్నవాటికి మధ్య రంగులు. పాట పాడేవాళ్ళు గొంతుకి తగ్గట్టు శ్రుతి మారుస్తారు కదా, శ్రుతి మారినా స్వరాల వరస మారదు, పాట అదే పాట. ఇక్కడా మన కంటికి అందని ఇన్‌ఫ్రారెడ్ పాటని కంటికి అందే శ్రుతిలోకి తెచ్చారు. అసలు ఇన్‌ఫ్రారెడ్ ఎందుకంటే, విశ్వం సాగుతుంటే అందులో ప్రయాణించే వెలుగు కూడా సాగుతుంది. 2024లో ప్రకటించిన జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీ వెలుగు ఏకంగా 15 రెట్లు సాగింది, బయల్దేరినప్పుడు అల్ట్రావయొలెట్, చేరేసరికి ఇన్‌ఫ్రారెడ్. విశ్వం పుట్టిన 29 కోట్ల ఏళ్ళకే ఉన్న గెలాక్సీ అది, విశ్వం వయసేమో 1380 కోట్లు. స్టవ్ ఆపేసినా పెనం మీద చెయ్యి ఆనకముందే వేడి తెలుస్తుంది కదా, అదీ ఇన్‌ఫ్రారెడ్డే, అందుకే టెలిస్కోప్ తన వేడితో తనే కళ్ళు కప్పుకోకుండా వెబ్‌ని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఐదు పొరల ఎండతెర వెనకాల మైనస్ 220 డిగ్రీల కంటే చల్లగా ఉంచారు.

2025 నవంబర్లో వచ్చిన వార్త ఇంకోటి అమ్మకి చెప్పా. పుణెలో రాశీ జైన్, యోగేశ్ వాడదేకర్ అనే శాస్త్రవేత్తలు ఈ వెబ్ డేటాలోనే ఒక సుడి గెలాక్సీని కనిపెట్టారు, చక్కగా రెండు చేతులు తిరిగి అచ్చం మన పాలపుంత లాగా ఉంటుంది, కానీ విశ్వం పుట్టిన 150 కోట్ల ఏళ్ళప్పటిది. అంత తొందరగా అంత కుదురుగా ఎట్ల తయారైందో అని అందరికీ ఆశ్చర్యం. దానికి అలకనంద అని పేరు పెట్టారు, హిందీలో పాలపుంతని మందాకిని అంటారు కదా, హిమాలయాల్లో మందాకిని అనే నదికి తోడు నది అలకనంద. అలకనంద అనే మాట విన్నాక అమ్మ ల్యాప్‌టాప్‌ని తన వైపు తిప్పుకుంది.

సంక్రాంతికి పలమనేరు దగ్గర మా ఊరికి పోతూ హొస్కోటె దాటుతున్నప్పుడు కారులోంచి చూపించా, ఈ పక్కనే ఎక్కడో ఒక క్యాంపస్‌లో మన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ళు కూర్చుని లడఖ్‌లో, 4500 మీటర్ల ఎత్తున హాన్లేలో ఉన్న రెండు మీటర్ల టెలిస్కోప్‌ని శాటిలైట్ లింక్‌తో తిప్పుతారని. ఈ రోడ్డున ఎన్నేళ్ళుగా పోతున్నామో, టోల్ గేట్లూ ట్రాఫిక్కూ తప్ప ఇంకేం గుర్తుపెట్టుకోలేదు మేము.

ఈసారి పండగ అమావాస్యకి దగ్గరపడింది. ఏడున్నరకి మిద్దె మీదికి తీసుకుపోయా, మారతహళ్ళిలో ఆరెంజ్ రంగు తప్ప ఆకాశం కనపడదు, ఇక్కడ మాత్రం చుక్కలు కుప్పలు పోసినట్టున్నాయి. వాయవ్యం పక్క ఎత్తున ఆండ్రోమెడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించా. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం, మామూలు కంటికి అందే గెలాక్సీ. "ఏం కనపళ్ళేదు నాయనా" అనింది. సూటిగా చూడొద్దమ్మా, కొంచెం పక్కకి చూడు, కంటి అంచుకి మసక వెలుగు బాగా తెలుస్తుంది అన్నా. అద్దాలు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది, పిట్టగోడ పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"ఆ... పొగ మాదిరి. అదేనా?"

అదే.