పాత కంప్యూటర్ ఎక్కడ ఎదురుచూస్తోంది?

ఏళ్ల కిందట చురుగ్గా పనిచేసిన కంప్యూటర్ ఇప్పుడు నత్తనడక నడుస్తోందంటే దాని ప్రాసెసర్ ముసలిదైపోయిందని చాలామంది అనుకుంటారు. సిలికాన్ అలా అలసిపోదు. 3 గిగాహెర్ట్జ్ వేగానికి తయారైన ప్రాసెసర్, సరిపడా విద్యుత్తు, సరిపడా చల్లదనం అందుతున్నంత కాలం, పదేళ్ల తర్వాత కూడా సెకనుకు 300 కోట్ల క్లాక్ స్పందనలు ఇస్తూనే ఉంటుంది. దీర్ఘకాలం వాడినందువల్ల ట్రాన్సిస్టర్లలో సూక్ష్మమైన మార్పులు వచ్చే మాట నిజమే గానీ, వాటికి ముందే కొంత వెసులుబాటు ఉంచి తయారీదారులు ఆ వేగాన్ని నిర్ణయిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ పెరిగేది ప్రాసెసర్ ఇతర భాగాల కోసం ఎదురుచూసే సమయం. ఆ ఎదురుచూపులో కొంత కొత్త సాఫ్ట్‌వేర్ భారం వల్ల వస్తే, కొంత మాత్రం హార్డ్‌వేర్ అమరికలు సరిగా లేకపోవడం వల్ల వస్తుంది. ఈ రెండో భాగాన్ని చాలాసార్లు ఖర్చు లేకుండానే తగ్గించవచ్చు.

ఏ అమరికను ముట్టుకోవాలో తేల్చుకోవడానికి కంప్యూటర్ రూపశిల్పి జీన్ ఆమ్‌డాల్ 1967లో వినిపించిన ఒక వాదన ఇప్పటికీ దారి చూపుతుంది. అనేక ప్రాసెసర్లను కలిపి పనిచేయించే యంత్రాల గురించి ఆయన ఆ మాట చెప్పినా, దాని సారం ఏ కంప్యూటర్‌కైనా వర్తిస్తుంది: ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, మొత్తం పనిలో ఆ భాగం వాటా ఎంతో అంతకు మించి లాభం రాదు. ఒక ప్రోగ్రాము తెరుచుకోవడానికి 100 సెకన్లు పడుతోందనీ, అందులో 80 సెకన్లు హార్డ్ డిస్క్ కోసం ఎదురుచూడటానికే పోతోందనీ అనుకుందాం. ప్రాసెసర్ వేగాన్ని రెట్టింపు చేస్తే మిగతా 20 సెకన్లు 10 అవుతాయి, అంటే మొత్తం సమయం 90 సెకన్లకు మాత్రమే దిగుతుంది. అదే డిస్కు ఆలస్యాన్ని పదో వంతుకు తగ్గిస్తే మొత్తం పని 28 సెకన్లలో ముగుస్తుంది. ప్రాసెసర్‌ను నిర్ణయించిన వేగానికి మించి నడిపే ఓవర్‌క్లాకింగ్ మీద మోజుతో చేసే శ్రమలో చాలా భాగం వృథా కావడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

కాబట్టి ముందుగా చూడవలసింది ఎదురుచూపు ఎక్కడ జరుగుతోందన్నది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, కంప్యూటర్ మొరాయిస్తున్న సమయంలోనే పనితీరు పట్టికను గమనించాలి. డిస్కు 100 శాతం దగ్గర నిలిచిపోయి, ప్రాసెసర్ మాత్రం 10, 15 శాతం దగ్గర ఉంటే లోపం డిస్కు వైపు ఉంది. మెమరీ దాదాపు నిండిపోయి, దానితోపాటు డిస్కు కూడా ఊపిరాడకుండా ఉంటే కొరత మెమరీది. ప్రాసెసర్ పూర్తిగా నిమగ్నమై ఉన్నా దాని వేగం మాత్రం 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరే కదలకుండా ఉంటే, దానిని వేడో విద్యుత్తు పరిమితో అణిచి ఉంచుతోందన్నమాట.

వీటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది డిస్కు సమస్య. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం చదివే మొన కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4.2 మిల్లీసెకన్లు ఆగాలి. ఆ మొనను సరైన వలయం మీదికి జరపడానికి మరో 8 లేదా 9 మిల్లీసెకన్లు పడుతుంది. రెండూ కలిపితే ఒక్కొక్క చిన్న ముక్కను వెతికి తేవడానికి 12 మిల్లీసెకన్లకు పైగా గడుస్తుంది. ఆ వ్యవధిలో 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ మూడున్నర కోట్ల క్లాక్ స్పందనలను దాటిపోతుంది. ఈ లెక్కన డిస్కు సెకనుకు సుమారు 80 ముక్కలే తేగలదు. ఒక్కొక్క ముక్క 4 కిలోబైట్లయితే అది సెకనుకు 320 కిలోబైట్లు మాత్రమే. వరసగా చదివేటప్పుడు సెకనుకు 150 మెగాబైట్లు ఇచ్చే డిస్కు కూడా, చెల్లాచెదురుగా ఉన్న వేలాది చిన్న ఫైళ్లను తెరవవలసి వచ్చినప్పుడు ఈ స్థాయికి పడిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మొదలయ్యేటప్పుడు జరిగే పని దాదాపుగా ఇలాంటిదే.

తిరిగే భాగాలేవీ లేకుండా మెమరీ చిప్‌లలోనే సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ అదే ముక్కను మిల్లీసెకనులో పదో వంతు సమయంలోనో అంతకంటే త్వరగానో అందిస్తుంది. పాత మదర్‌బోర్డుల్లో డిస్కును బోర్డుకు కలిపే సాటా మార్గం రెండో తరానిదై, సెకనుకు 300 మెగాబైట్లకే పరిమితమై ఉండవచ్చు. అలాంటి బోర్డుకు ఎస్‌ఎస్‌డీ దండగ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఈ మాటను నేను ఒప్పుకోను. ప్రయోజనం ప్రధానంగా వచ్చేది చిన్న ముక్కల దగ్గర, అక్కడ ప్రవాహం ఆ పరిమితికి చాలా దిగువనే ఉంటుంది. కాబట్టి పాత బోర్డు మీద కూడా లాభంలో ఎక్కువ భాగం చేతికి అందుతుంది.

అయితే ఎస్‌ఎస్‌డీ అమర్చినా, పాత డిస్కే ఉన్నా, కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే బయోస్‌లో ఒక అమరికను తప్పకుండా చూడాలి. సాటా నియంత్రకం ఐడీఈ విధానంలో పనిచేస్తోందా, ఏహెచ్‌సీఐ విధానంలో పనిచేస్తోందా అన్నది అక్కడే నిర్ణయమవుతుంది. ఐడీఈ విధానం పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ల సౌకర్యం కోసం మిగిల్చిన అనుకరణ. అందులో డిస్కుకు ఒకసారి ఒకే ఆజ్ఞ వెళుతుంది, అది పూర్తయ్యాకే రెండోది వెళుతుంది. 2004లో వచ్చిన ఏహెచ్‌సీఐ 32 ఆజ్ఞల వరకు ఒకేసారి వరసలో ఉంచగలదు. వాటిని చూసి హార్డ్ డిస్క్ తన మొన తక్కువ దూరం కదిలేలా క్రమం మార్చుకుంటుంది. ఎస్‌ఎస్‌డీ అయితే తనలోని అనేక మెమరీ చిప్‌లను ఏకకాలంలో పనిలోకి దింపుతుంది. ఒకే డిస్కు నుంచి అనేక ప్రోగ్రాములు చదువుతున్నప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఈ మార్పును తొందరపడి చేయకూడదు. ఐడీఈ విధానంలో ఇన్‌స్టాల్ చేసిన విండోస్ 7 తన ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను (ఆ నియంత్రకంతో మాట్లాడే ప్రోగ్రామును) మొదలయ్యే సమయంలో సిద్ధంగా ఉంచుకోదు. బయోస్‌లో విధానం మార్చి వదిలేస్తే, బూట్ డిస్కు అందడం లేదని చెప్పే నీలి తెర కనిపించి కంప్యూటర్ ఆగిపోతుంది. ముందుగా విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో ఆ డ్రైవర్‌ను చేతనం చేసి, తర్వాతే బయోస్‌లో మార్చాలి. విండోస్ 8 నుంచి మార్గం సులువైంది: తర్వాతిసారి కనీస హంగులతో నడిచే సేఫ్ మోడ్‌లో మొదలయ్యేలా ఏర్పాటు చేసి, విధానం మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లివస్తే సరైన డ్రైవర్ దానంతటదే చేరుతుంది. డిస్కును బిట్‌లాకర్‌తో గుప్తపరిచి ఉంటే దాన్ని ముందే తాత్కాలికంగా నిలిపివేయాలి, రికవరీ కీని వేరేచోట భద్రపరచుకోవాలి.

విండోస్ ఎక్స్‌పీ నాటి యంత్రాలను ఇంకా కొలత పరికరాలకో పాత ముద్రణ యంత్రాలకో జతచేసి వాడుతున్నవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఆ వ్యవస్థలో ఐడీఈ డిస్కుతో జరిగే రవాణాలో మొత్తం ఆరు దోషాలు పోగయ్యేసరికి డ్రైవర్ వేగాన్ని ఒక మెట్టు తగ్గిస్తుంది; అలా మెట్టుమెట్టుగా దిగి చివరికి పీఐఓ విధానానికి చేరుతుంది. డీఎంఏ విధానంలో డిస్కు నియంత్రకమే నేరుగా మెమరీలోకి సమాచారం చేరవేస్తే, పీఐఓలో ప్రతి ముక్కనూ ప్రాసెసర్ స్వయంగా మోయాలి, గరిష్ఠ వేగం కూడా సెకనుకు 16.6 మెగాబైట్లకు మించదు. వదులైన కేబుల్ వల్ల ఎప్పుడో వచ్చిన ఆ ఆరు దోషాలు యంత్రాన్ని శాశ్వతంగా కుంటుపరచినట్టవుతుంది. కేబుల్ మార్చి, డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానల్‌ను తొలగించి, కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభిస్తే విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి పాత వేగాన్ని తిరిగి ఇస్తుంది.

డిస్కు ఎంత బాగున్నా మెమరీ చాలకపోతే ఫలితం ఉండదు. మెమరీలో పట్టని భాగాన్ని డిస్కు వంటి నెమ్మదైన నిల్వ మీదికి నెట్టి, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకునే పద్ధతి 1962లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు అట్లాస్ కంప్యూటర్‌లో వాడుకలోకి వచ్చింది. అది గొప్ప ఆలోచన, కానీ దానికి హద్దు ఉంది. నడుస్తున్న ప్రోగ్రాములకు ఆ క్షణంలో కావలసిన పుటలన్నీ (మెమరీని విభజించే సమాన ముక్కలన్నీ) మెమరీలో పట్టకపోతే కంప్యూటర్ అసలు పని మానేసి పుటలను తెచ్చి పంపడంలోనే మునిగిపోతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెనింగ్ 1968లో వివరించారు. మెమరీ నుంచి సమాచారం సుమారు 100 నానోసెకన్లలో వస్తే, హార్డ్ డిస్క్ నుంచి రావడానికి దానికి లక్ష రెట్లకు పైగా సమయం పడుతుంది. అందుకే మెమరీ కొరత వచ్చినప్పుడు కంప్యూటర్ క్రమంగా నెమ్మదించడం కాకుండా ఒక్కసారిగా స్తంభించిపోతుంది.

కొత్త ర్యామ్ (ఈ మెమరీకే ఆ పేరు) కొనేముందు ఉన్న ర్యామ్ అంతా వాడుకలో ఉందో లేదో చూడాలి. దాదాపు 2006 నుంచి 2009 వరకు వచ్చిన అనేక బోర్డుల్లో మెమరీ రీమ్యాప్ అనే అమరిక ఉంటుంది. అది మూసి ఉంటే, 4 గిగాబైట్ల ర్యామ్ ఉన్నప్పటికీ 64 బిట్ల ఆపరేటింగ్ సిస్టమ్‌కు 3 గిగాబైట్ల పైచిలుకే కనిపిస్తుంది, ఎందుకంటే మిగతా చిరునామాలను గ్రాఫిక్స్ వంటి పరికరాలు ఆక్రమించుకుంటాయి. అలాగే ప్రాసెసర్‌లో ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ కోసం బయోస్ శాశ్వతంగా పక్కనపెట్టే మెమరీ 512 మెగాబైట్లుగా ఉంటే, కార్యాలయ పనులకే వాడే 4 గిగాబైట్ల యంత్రంలో దాన్ని 64కో 128కో తగ్గించడం సబబు.

ర్యామ్ పలకలు ఎన్ని ఉన్నాయి, ఏ అరల్లో ఉన్నాయి అన్నది కూడా ముఖ్యమే. డీడీఆర్‌3 రకానికి చెందిన 1600 వేగపు పలక ఒకటే ఉంటే 64 బిట్ల ఒకే మార్గం గుండా సెకనుకు 12.8 గిగాబైట్లు ప్రవహిస్తాయి. సమానమైన రెండు పలకలను సరైన జంట అరల్లో పెడితే ఆ గరిష్ఠ ప్రవాహం 25.6 గిగాబైట్లవుతుంది. ఉత్తరాలు టైపు చేసేవారికి ఇది పెద్దగా తెలియకపోవచ్చు గానీ, ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌తో వీడియోలు చూసేవారికీ ఆటలాడేవారికీ బాగా తెలుస్తుంది. ఎక్కువ వేగపు ర్యామ్ కొన్నా బోర్డు దాన్ని తక్కువ వేగంతోనే నడపడం మామూలే. 3200 వేగానికి అమ్మిన డీడీఆర్‌4 పలకను చాలా బోర్డులు మొదట 2133 లేదా 2400 వేగంతో నడుపుతాయి. పలకలోని చిన్న చిప్‌లో రాసి ఉన్న అసలు వేగాన్ని వాడమని చెప్పడానికి, ఇంటెల్ 2007లో ప్రవేశపెట్టిన ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌ను బయోస్‌లో ఎంచుకోవాలి. ఎంచుకున్నాక ఒక మెమరీ పరీక్షను కొన్ని గంటలు నడపడం తప్పనిసరి, ఎందుకంటే మెమరీలో వచ్చే దోషం అప్పటికప్పుడు బయటపడకుండా ఫైళ్లను మెల్లగా పాడుచేయగలదు.

ఇక వేడి విషయం. ప్రాసెసర్ ఖర్చుచేసే విద్యుత్తు దాని క్లాక్ వేగానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమంగా ఉంటుంది. ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరేసరికి అనేక ప్రాసెసర్లు తమను తాము కాపాడుకోవడానికి వేగాన్నీ వోల్టేజినీ తగ్గించుకుంటాయి. ఏళ్ల తరబడి చల్లార్చే రేకుల మధ్య దుమ్ము పేరుకుని, ప్రాసెసర్‌కూ హీట్ సింక్‌కూ మధ్య రాసిన థర్మల్ పేస్టు ఎండిపోతే, ఈ ఆత్మరక్షణ నిత్యకృత్యమవుతుంది. దుమ్ము దులిపి, కొత్త పేస్టు పలచగా రాసి, బయోస్‌లో ఫ్యాన్ నిశ్శబ్ద విధానంలో ఉంటే దాన్ని సాధారణ విధానానికి మార్చడం ఏ ఓవర్‌క్లాకింగ్ కంటే మేలైన చికిత్స. ల్యాప్‌టాప్‌లో అయితే మరో మూలం కూడా వెతకాలి: కొన్ని నమూనాలు తమ ఛార్జర్‌ను గుర్తించలేనప్పుడు ప్రాసెసర్‌ను అత్యల్ప వేగంలో కట్టివేస్తాయి. ఆ ల్యాప్‌టాప్‌కు ఏ సాఫ్ట్‌వేర్ చికిత్సా పనిచేయదు, సరైన ఛార్జర్ పెట్టగానే అది తేరుకుంటుంది. పవర్ ప్లాన్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని ఎవరైనా 100 శాతం కంటే తగ్గించి ఉంచారేమో కూడా చూడాలి.

వేగం పెంచుతాయని ప్రచారంలో ఉన్న కొన్ని మార్పులకు ఆధారం లేదు. విండోస్ కాన్ఫిగరేషన్ పట్టికలో ప్రాసెసర్ల సంఖ్యను గరిష్ఠంగా ఎంచుకోమని ఇచ్చే సలహా అలాంటిది. ఆ గడిని ఖాళీగా వదిలితేనే విండోస్ అన్ని కోర్లనూ (ప్రాసెసర్‌లోని పనిచేసే విభాగాలనూ) వాడుకుంటుంది, ఆ అమరిక ఉన్నది పరీక్షల కోసం కోర్లను తగ్గించడానికి. ఇంకొక సలహా మాత్రం ప్రమాదకరమైనది. 2018లో ప్రాసెసర్లలో బయటపడిన స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లోపాలకు వేసిన రక్షణలు పాత ప్రాసెసర్లను కొంత నెమ్మదింపజేసిన మాట వాస్తవం. కానీ ఒక ప్రోగ్రాము మరొకదాని రహస్యాలను చదవకుండా ఆపేవి ఆ రక్షణలే, కాబట్టి ఇంటర్నెట్‌కు కలిపిన కంప్యూటర్‌లో వాటిని తొలగించమని నేను ఎవరికీ చెప్పను.

బయోస్‌లో మార్చిన అమరికలను అనేక పాత బోర్డుల్లో ఒక చిన్న మెమరీ గుర్తుపెట్టుకుంటుంది. విద్యుత్తు లేని సమయంలో దానికి ప్రాణం పోసేది సీఆర్‌2032 అనే 3 వోల్టుల గుండ్రని బ్యాటరీ. అది అయిపోతే గడియారం వెనక్కి వెళ్లడమే కాకుండా అమరికలన్నీ తయారీనాటి స్థితికి చేరుకుంటాయి. ర్యామ్ మళ్లీ తక్కువ వేగానికి పడిపోతుంది. ఏహెచ్‌సీఐ తిరిగి ఐడీఈ అయిపోయిన బోర్డుల్లోనైతే విండోస్ మొదలుకాక అదే నీలి తెర వస్తుంది, డిస్కు పాడైందనుకుని అంతా చెరిపి కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవారూ ఉంటారు. కంప్యూటర్ తేదీ తప్పుగా చూపిస్తూ అకస్మాత్తుగా నెమ్మదించినా, మొదలుకాకపోయినా, ముందు ఈ బ్యాటరీని మార్చి, బయోస్‌లోకి వెళ్లి తేదీతోపాటు సాటా విధానాన్నీ మెమరీ ప్రొఫైల్‌నూ తిరిగి ఎంచుకోవాలి. మార్పులు పూర్తయిన రోజునే బయోస్ తెరలను ఫోనుతో ఫొటో తీసి ఉంచుకుంటే ఆ పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.