‘గమనించు’ అన్న ఒక్క మాట చాలదు: జర్మన్, లక్సెంబర్గిష్ క్రియలపై అపోహలు – వాస్తవాలు

అపోహ: జర్మన్ ‘బెఓబాఖ్టెన్’ అంటే తెలుగులో ‘గమనించు’.

వాస్తవం: జర్మన్ బోధించే నాకు విద్యార్థుల వ్యాసాల్లో పదే పదే కనిపించే తప్పుకు మూలం ఈ సమీకరణమే. మన ‘గమనించు’ చాలా విశాలమైన మాట: తలుపు తెరిచి ఉండడం గమనించామంటాం, గూట్లోని పిచ్చుకను గంటసేపు గమనించామంటాం, ‘దయచేసి గమనించగలరు’ అని నోటీసులోనూ రాస్తాం. జర్మన్‌లో ఈ మూడింటికీ మూడు క్రియలు ఉన్నాయి. తలుపు సంగతి చటుక్కున కంటబడింది కనుక అది ‘బెమెర్కెన్’. నోటీసులోని మాటను మనసులో ఉంచుకొని నడుచుకోవడం ‘బెఆఖ్టెన్’. పిచ్చుకను కన్ను మరల్చకుండా కనిపెట్టి చూడడం మాత్రమే ‘బెఓబాఖ్టెన్’. దీని పలుకులో ఊనిక ‘ఓ’ మీద పడుతుంది. చాలా జర్మన్ క్రియల భూతకాల రూపానికి ముందు వచ్చే ‘గె’ను దీనికి చేర్చకూడదు; ‘ఇష్ హాబె బెఓబాఖ్టెట్’ (నేను గమనించాను) అనాలి.

అపోహ: లక్సెంబర్గిష్ జర్మన్‌కు ఒక యాస కనుక అక్కడా ఇదే క్రియను ఇలాగే వాడవచ్చు.

వాస్తవం: మోసెల్ నదీ ప్రాంతపు మోసెల్ ఫ్రాంకోనియన్ మాండలికాల నుండి ఎదిగిన ఆ భాషను లక్సెంబర్గ్ దేశపు 1984 నాటి చట్టం జాతీయ భాషగా గుర్తించింది, దాన్ని యాస అనడం నాకు బాధ కలిగిస్తుంది. అక్కడివారు ‘బెఓబాఖ్టెన్’ వాడతారు గాని, జర్మన్‌లో ‘ఎర్ బెఓబాఖ్టెట్’ (అతడు గమనిస్తాడు) అనే చోట వారు ‘హియ బెఓబాఖ్ట్’ అంటారు. జర్మన్ రాతలో కనిపించే ‘బెఓబాఖ్టెటె’ వంటి సాధారణ భూతకాల రూపం లక్సెంబర్గిష్‌లో ఏ కొద్ది క్రియలకో మిగిలింది, వాటిలో ఇది లేదు.

దీనికి తోడు, ఫ్రెంచి నుండి వచ్చిన ‘ఒబ్సెర్వెయిరెన్’ కూడా అదే అర్థంలో వాడుకలో ఉంది. మన వ్యాకరణంలో ద్రుతం (మాట చివర వచ్చిపోయే నకారం) చదివినవారికి దీని నడక ఆసక్తి కలిగిస్తుంది. ‘పిల్లలను గమనిస్తున్నాం’ అనేటప్పుడు ‘మీర్ ఒబ్సెర్వెయిరెన్ ద్‌కానర్’ అంటారు. ‘పక్షులను గమనిస్తున్నాం’ అనేటప్పుడు నకారం జారిపోయి ‘మీర్ ఒబ్సెర్వెయిర ఫులెన్’ అవుతుంది. చివరి నకారం తరువాతి మాట అచ్చుతో గాని న, డ, ట, త్స, హ ధ్వనులతో గాని మొదలైతేనే నిలుస్తుంది, లేకుంటే పలుకులోనే కాక రాతలోనూ పోతుంది. ‘హియన్’ (అతడు) అన్న సర్వనామం పైన చూసిన ‘హియ బెఓబాఖ్ట్’లో ‘హియ’ కావడానికీ కారణం ఇదే.

అపోహ: ‘చూడు’ అనే ప్రతి చోటా ఈ క్రియలు సరిపోతాయి.

వాస్తవం: సరిపోవు. లక్సెంబర్గ్ ఇంట్లో టీవీ చూడడానికి ‘కుకెన్’ అంటారు. అక్కడ ‘ఒబ్సెర్వెయిరెన్’ అంటే టీవీ పెట్టెనే పరిశీలిస్తున్నట్టు వినిపిస్తుంది.