మీ తర్వాత వచ్చినవాళ్లను ముందు ఎందుకు పిలుస్తారు? ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీ: అపోహలు - వాస్తవాలు

"ఇక్కడ పట్టించుకునే దిక్కే లేదండీ." ఈ మాట వినపడని డ్యూటీ నాకు గుర్తు లేదు. అన్నవాళ్ల మీద కోపం రాదు. ఇంట్లో మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే, పేరు ఎప్పుడు పిలుస్తారా అని గంటలకు గంటలు ఎదురుచూడాల్సి వస్తే ఎవరి నోటైనా అదే మాట వస్తుంది. నా బాధల్లా ఆ మాట తర్వాత జరిగేదాని గురించే. డాక్టర్ చూడకముందే పేషెంట్‌ను లేపి ఇంటికి తీసుకెళ్లిపోతారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు మళ్లీ వస్తారు, ఈసారి అంబులెన్స్‌లో. అందుకే ఈ ఒక్క అపోహ గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

అపోహ: ఇంతసేపు కూర్చోబెట్టారంటే పట్టించుకోవడం లేదనే. ఇక్కడ ఉండి లాభం లేదు.

వాస్తవం: రాగానే సిస్టర్ నాలుగు ప్రశ్నలు అడిగి, బీపీ, పల్స్, ఆక్సిజన్ చూసి ఒక రంగు రాసుకుంది కదా, అదే ట్రయాజ్. మీ వైద్యం అక్కడే మొదలైంది. ఎమర్జెన్సీలో వరుస ప్రాణాపాయాన్ని బట్టి ఉంటుంది, వచ్చిన టైమును బట్టి కాదు. చాలా దేశాల్లో వాడే మాంచెస్టర్ పద్ధతిలో రంగులు ఐదు. ఎరుపైతే తక్షణం, నారింజ అయితే 10 నిమిషాల్లో, పసుపైతే గంటలో, ఆకుపచ్చ అయితే రెండు గంటల్లో, నీలమైతే నాలుగు గంటల్లో చూడాలి. కొన్నిచోట్ల మూడు రంగులతోనే సరిపెడతారు, లెక్క మాత్రం ఇదే. మీ తర్వాత వచ్చినాయన్ను స్ట్రెచర్ మీద లోపలికి తోసుకెళ్లారంటే "వాళ్లకు లోపల ఎవరో తెలుసట" అని పక్కవాళ్లు చెప్పే కథలు నమ్మకండి. ఆయనకు ఊపిరి అందడం లేదు, అంతే.

మరి రెండు గంటల్లో చూడాల్సిన పేషెంట్‌కు ఐదు గంటలు ఎందుకు పడుతోంది? డబ్బు సంగతి ఇక్కడే వస్తుంది. ఎమర్జెన్సీలో రద్దీకి కారణం చాలాసార్లు ఎమర్జెన్సీలో ఉండదు, పై అంతస్తుల్లోని వార్డుల్లో ఉంటుంది. అక్కడ బెడ్ ఖాళీ కాకపోతే, అడ్మిషన్ రాసిన పేషెంట్ మా స్ట్రెచర్ మీదే ఉండిపోతాడు. స్ట్రెచర్ ఖాళీ లేకపోతే మిమ్మల్ని పడుకోబెట్టి పరీక్ష చేసే చోటు ఉండదు. బెడ్లలో సుమారు 85 శాతం దాటి నిండితే ఈ ఇబ్బంది మొదలవుతుందని ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్న లెక్క. నూటికి నూరు నిండిన వార్డులతో నడిచే ఆసుపత్రిలో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

"అయితే మంచాలు కొనొచ్చుగా" అంటారు. మంచం కొనడం తేలిక, దానికి మనిషిని ఇవ్వడమే కష్టం. వారానికి 168 గంటలు. ఒక్క నర్సు పోస్టు రాత్రీపగలూ నిండి ఉండాలంటే, మనిషి వారానికి 48 గంటలు చేసినా ముగ్గురున్నర మంది కావాలి. సెలవులు, జబ్బులు, ట్రైనింగ్ కలుపుకుంటే నలుగురైదుగురు. మంచానికి డబ్బు ఒక్కసారి ఇస్తే చాలు, జీతాలకు ఏటా ఇవ్వాలి. బడ్జెట్ బిగిసినప్పుడు ఖాళీ పోస్టు భర్తీ కాకుండా ఉండిపోతుంది. ఇది పేద దేశాల గొడవ మాత్రమే కూడా కాదు. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లలో 95 శాతం మంది పని నాలుగు గంటల్లో తేల్చాలని ఇంగ్లండ్‌లో లక్ష్యం పెట్టుకున్నారు. 2015 తర్వాత దేశం మొత్తం మీద దాన్ని అందుకున్నదే లేదు.

కాబట్టి కూర్చోబెట్టడం నిర్లక్ష్యం కాదు. అలాగని అది ప్రమాదం లేని పనీ కాదు. ట్రయాజ్ రంగు ఆ క్షణానికి రాసింది మాత్రమే, తర్వాత మారొచ్చు. ఒకసారి పొట్ట పైభాగంలో మంటతో ఒక పెద్దాయన వచ్చారు, షుగర్ పేషెంట్. మొదటి ఈసీజీ బాగానే ఉంది. రెండు గంటలు గడిచేసరికి కొడుకు విసిగిపోయి "పద నాన్నా, గ్యాసే, పొద్దున చూపించుకుందాం" అని లేపాడు. అటుగా మందుల ట్రేతో వెళ్తున్న సిస్టర్‌కు పెద్దాయన నుదుటి మీద చెమట కనిపించింది. ట్రే కుర్చీలో పెట్టి, ఆయన చెయ్యి అందుకుని బొటనవేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడిన గోరు రెండు సెకన్లలోపు మళ్లీ ఎర్రబడాలి. పడలేదు. "పెద్దాయనా, ఒక్క నిమిషం కూర్చోండి" అని అక్కడే రెండో ఈసీజీ తీసింది. గుండెపోటు.

షుగర్ ఉన్నవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో, ఆడవాళ్లలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండానే రావచ్చు. ఆయాసం, చెమట, వికారం, అంతుపట్టని నీరసం, ఇంతే కనిపించొచ్చు. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఆ గడియారం లక్షణం మొదలైనప్పటి నుంచి నడుస్తుంది, మీరు రెండోసారి ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి కాదు.

మీరు చేయాల్సింది ఒక్కటే. కూర్చున్నచోట ఏమాత్రం మార్పు వచ్చినా, కొత్త నొప్పి, చెమట, మాట తడబాటు, మగత, ఏదైనా సరే, లేచి ట్రయాజ్ దగ్గరికి వెళ్లి "ఇందాకటిలా లేదు, మళ్లీ చూడండి" అనండి. విసిగిస్తున్నామేమో అని మొహమాటపడకండి. వెళ్లిపోక తప్పకపోతే చెప్పి వెళ్లండి. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలో రాయించుకుని మరీ వెళ్లండి.

అపోహ: సిబ్బందికి సేవాభావం ఉంటే డబ్బు లేకపోయినా నడిచిపోతుంది.

వాస్తవం: దీన్ని ఎక్కువగా నమ్మేది మమ్మల్ని పొగిడేవాళ్లే. పై సంగతిలో సిస్టర్ గొప్పది కాదని నేననను. రావాల్సిన మనిషి రాకపోతే వరసగా రెండో షిఫ్టు చేస్తోంది కూడా. కానీ ఆ చెమట ఆమె కంట పడింది ఆ కుర్చీ పక్కనుంచి నడవడానికి తీరిక దొరికింది కాబట్టి. ఆ రాత్రి ఇంకో పదిమందిని ఆమె మీద వేసి ఉంటే, మనసు ఎంత మంచిదైనా అటువైపు వెళ్లేదే కాదు. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తొమ్మిది యూరప్ దేశాల్లో 300 ఆసుపత్రుల నుంచి ఆపరేషన్ అయిన నాలుగు లక్షల మందికి పైగా పేషెంట్ల రికార్డులు చూశారు. నర్సుకు ఒక్కో పేషెంట్ పెరిగిన కొద్దీ, 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. కాలిఫోర్నియాలో 2004 నుంచి దీనికి చట్టమే ఉంది: ఐసీయూలో ఇద్దరికి, ఎమర్జెన్సీలో నలుగురికి మించి ఒక నర్సుకు అప్పగించకూడదు.

ఓవర్‌టైమ్‌తో లాగే ఆసుపత్రిలో అలసిపోయినవాళ్లు మానేస్తారు, మిగిలినవాళ్ల మీద బరువు పెరుగుతుంది, చివరికి ఎక్కువ డబ్బు పోసి తాత్కాలిక సిబ్బందిని తెచ్చుకోవాల్సి వస్తుంది. పొదుపు అనుకున్నదే ఖర్చవుతుంది. మాకు చప్పట్లు కొట్టినందుకు సంతోషమే, ఖాళీ పోస్టుల గురించి కూడా అడగండి.

అపోహ: స్కానింగ్ మెషీన్ వచ్చిందిగా, చేయకపోవడం బద్ధకమే.

వాస్తవం: మెషీన్ ఒక పద్దు కింద వస్తుంది. టెక్నీషియన్ జీతం, మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఇంకో పద్దు. ఒకదాని డబ్బు ఇంకోదానికి వాడే వీల్లేదు. రెండోది రాకపోతే మెషీన్ మీద కవర్ అలాగే ఉంటుంది. ల్యాబ్‌లో రీఏజెంట్ల (పరీక్షలకు వాడే రసాయనాల) కథా అంతే.

అపోహ: ఉచితంగా ఇచ్చే మందు పనిచేయదు.

వాస్తవం: ఉచితంగా ఇచ్చే జనరిక్‌లో (బ్రాండ్ పేరు లేని మందులో) ఉండేదీ అదే మందు. కోర్సు మధ్యలో ఆపేస్తే బ్రాండెడ్ అయినా పనిచేయదు.

అపోహ: గొడవ చేస్తే ముందు చూస్తారు.

వాస్తవం: గొడవ జరిగితే ఇద్దరు నర్సులు, ఒక డాక్టర్ పేషెంట్లను వదిలి అక్కడికి రావాలి. ఆ కాసేపు మీ మనిషిని చూసేవాళ్లూ ఉండరు. మాట్లాడటానికి ఇంట్లోవాళ్లలో ఒకరే రండి, వాడుతున్న మందుల చీటీ, పాత రిపోర్టులు పట్టుకుని.