కుక్క వచ్చేదాకా ఆగాలా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అమెరికాలో మీ ఒమాహా నగరం నుంచి తిరిగి వస్తుండగా వేగం ఎక్కువైందని పోలీసాయన మీ నాన్న కారు ఆపాడనీ, ఆ పోలీసు బండి వెనక సీటులో కుక్క ఉన్నదనీ రాశారు. అది మత్తుమందు కోసం మన కారును వాసన చూడవచ్చా అని అడిగారు.

మన ఇంటికి నెలనెలా కరెంటు మీటరు చూసే మనిషి వస్తాడు కదా. వసారాలో నిలబడి అంకెలు చూసుకునేలోగా నాయనమ్మ కలుపుతున్న ఆవకాయ వాసన అతని ముక్కుకు తగిలితే తప్పు పట్టలేము. బిల్లు చేతికిచ్చాక కూడా, వాసన బాగా పట్టే మా తమ్ముడు వచ్చేదాకా ఎవరూ కదలవద్దని అరుగు మీద కూర్చుంటే మాత్రం ఊరుకోము. అమెరికా సుప్రీంకోర్టు చెప్పిందీ ఇంచుమించు ఇదే. కారు ఆపిన పని నడుస్తుండగా కుక్క బయటి నుంచి వాసన చూస్తే అది సోదా కాదని 2005లో ఇల్లినాయ్ కేసులో అన్నది. మీ నెబ్రాస్కా రాష్ట్రం నుంచే వెళ్లిన రోడ్రిగెజ్ అనే ఆయన కేసులో, హెచ్చరిక కాగితం ఇచ్చేశాక, వేరే అనుమానానికి ఆధారం లేకుండా, కుక్క కోసం ఏడెనిమిది నిమిషాలు ఆపి ఉంచడం కూడా అకారణ సోదాలను, నిర్బంధాలను అడ్డుకునే రాజ్యాంగం నాలుగో సవరణకు విరుద్ధమని 2015లో తీర్పు చెప్పింది. (అతని కారులో మత్తుమందు నిజంగానే దొరికింది. ఆనాటి కింది కోర్టుల తీర్పులను నమ్మి పోలీసు అలా చేశాడు కనుక రోడ్రిగెజ్ శిక్ష చివరికి నిలిచింది.)

ఇక్కడ నా పోలిక కుంటుతుంది. ఆవకాయ వాసన వచ్చిందని మీటరు మనిషి వంటింట్లోకి రాలేడు. శిక్షణ పొందిన కుక్క మత్తుమందు ఉన్నట్టు గుర్తు చూపితే మాత్రం పోలీసులు వారంటు లేకుండానే కారు తెరవవచ్చు. కుక్క ఊసు లేకుండా “కారులో చూడనా?” అని ఊరికే అడిగితే, సమ్మతం లేదని మీ నాన్న మర్యాదగా చెప్పవచ్చు. అయినా వారు చూస్తే చేతులు అడ్డుపెట్టకూడదు.

మా పెదనాన్న దగ్గర ఒక కుక్క ఉండేది. మామిడికాయలు పోయినప్పుడల్లా పిల్లలను వరుసగా నిలబెట్టి దాన్ని వదిలేవాడు. అది ముందు ఆయన ముఖం చూసేది, ఆయన ఎవరివైపు చూస్తే వారి మీద మొరిగేది. ఒకసారి కాయలు మా అన్న చొక్కాలో ఉండగా దెబ్బలు నాకు పడ్డాయి. 2011లో కాలిఫోర్నియా పరిశోధకులు మత్తుమందే లేని గదులలో, ఫలానా చోట ఉందని కుక్కను పట్టుకున్నవారిని నమ్మించినప్పుడు, అక్కడే ఎక్కువగా గుర్తులు వచ్చాయట. ఆ వార్త చదివి నా వీపు తడుముకున్నాను.

కుక్క ముక్కును మాత్రం తక్కువ చేయకండి. ఎదురింటి కుక్క నేలను వాసన చూస్తున్నప్పుడు, దాని యజమానిని అడిగి, పక్కన కూర్చుని చూడండి. ముక్కు రంధ్రాలకు పక్కన సన్నని చీలికలు కనబడతాయి. వదిలిన ఊపిరి వాటి గుండా వెనక్కి పోతుంది కనుక ముందున్న వాసన చెదరదు. అది ధూళిలో మూతి పెట్టినప్పుడు దుమ్ము ఎటు లేచిందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య